డొక్కా, కిర్రా, గలగలా? ఆటోనగర్‌లో ఒక పూట

విజయవాడ ఆటోనగర్‌కి మొదటిసారి వెళ్తున్నారా? గేటు దాటాక ఫోన్‌లో మ్యాప్ పక్కన పెట్టేయొచ్చు. అక్కడ దారి చెప్పేవి చెవులే. సుత్తి ఇనుము మీద పడి 'ఠంగ్.. ఠంగ్' మంటుంటే లారీల కమాన్ కట్టలు సరిచేసే షెడ్లు దగ్గర్లో ఉన్నట్టు. గ్రైండర్ 'ఝుయ్‌య్' మని చెవులు కోస్తుంటే బాడీలు కట్టే వీధి. గాలి గన్ 'టర్ర్‌ర్' మని తిరుగుతుంటే టైర్లు. ఏ చప్పుడూ లేకుండా డీజిల్ వాసన మాత్రం గుప్పుమంటే పంపులూ నాజిళ్లూ చూసేవాళ్లు. వాళ్ల పనికి నిశ్శబ్దం కావాలేమో మరి!

బందరు రోడ్డు మీద పటమట దాటి కానూరు వైపు వెళ్తుంటే తగులుతుంది ఈ పేట. పూర్తి పేరు జవహర్ ఆటోనగర్. 1960ల్లో మొదలైనప్పుడు ఊరికి దూరంగా ఉండేదట, ఇప్పుడు ఊరే వచ్చి చుట్టూ కూర్చుంది. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే రోడ్డూ, హైదరాబాద్ నుంచి మచిలీపట్నం వెళ్లే రోడ్డూ కలిసేది బెజవాడలోనే కాబట్టి లారీలు ఇక్కడ ఆగక తప్పదు. చాలా కొత్త లారీలు కంపెనీ నుంచి ఉత్త చట్రంతో వస్తాయి. ముఖం మీద బొట్టు, వెనకాల రంగురంగుల అక్షరాలు, చుట్టూ చెక్కబల్లలు.. ఒళ్లంతా తయారయ్యేది ఇలాంటి షెడ్లలోనే.

నేను లారీతో వెళ్లలేదు. ఎనిమిదేళ్ల పాత హ్యాచ్‌బ్యాక్‌తో వెళ్లాను. దానికి వెనకాల ఒక చప్పుడు వస్తోంది.

ఆ చప్పుడు మొదట విన్నది నేను కూడా కాదు, మా అమ్మమ్మ. ఆవిడ ఉయ్యూరులో ఉంటుంది. తుంటి ఆపరేషన్ అయ్యాక చెకప్‌లకి హైదరాబాద్ తీసుకెళ్తున్నాను. వెనక సీట్లో ఎడమ పక్క దిండు పెట్టుకుని కూర్చుంటుంది. ఒకసారి సూర్యాపేట దాటాక, "ఒరేయ్, వెనకాల ఎవరో తలుపు కొడుతున్నార్రా" అంది. ముందు సీట్లో ఏసీ, పాటలు. నాకేం వినపడలేదు. తర్వాతి ట్రిప్పులో పాటలు ఆపేసి విన్నాను. నిజమే. ఇంకో ట్రిప్పుకి ఆవిడ తేల్చి చెప్పేసింది. "చక్రం ఊడిపోతే నీకూ ప్రమాదమే. నేను బస్సులో వస్తాలే." తుంటిలో స్టీలు పెట్టుకున్న మనిషి బస్సులో దాదాపు 300 కిలోమీటర్లా? పైగా చెకప్ వారం రోజుల్లో ఉంది.

దాంతో హైదరాబాద్‌లోనే ఒక సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. జాబ్ కార్డు మీద 'రియర్ నాయిస్ - చెక్' అని రాసుకున్నారు. ఇద్దరు ఎక్కి టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లారు. ఇద్దరూ ముందు సీట్లలోనే! అరగంట తర్వాత ఎస్టిమేట్ వాట్సాప్‌లో వచ్చింది. రెండు షాకబ్జార్బర్లు, యాక్సిల్ బుష్‌లు, లేబర్ కలిపి 21,400 రూపాయలు. "వీటిలో చప్పుడు చేస్తున్నది ఏది?" అని అడిగాను. "అన్నీ మార్చేస్తే పోతుంది సార్" అన్నారు. మా ఆఫీసులో ఎవరైనా, సర్వర్ ఎందుకు ఆగిందో తెలీదుగానీ సర్వర్లన్నీ కొత్తవి కొనేద్దాం అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. డబ్బు సంగతి తర్వాత. ఈలోగా ఆ బండిలో అమ్మమ్మని ఎక్కించవచ్చా లేదా అన్నదానికి అక్కడ ఎవరి దగ్గరా జవాబు లేదు.

అందుకే ఆటోనగర్. మా బావ చెప్పిన షెడ్డు అది. రేకుల కప్పు, ఒక లిఫ్టు, పక్కనే నేలలో తవ్విన గొయ్యి. మేస్త్రికి యాభై ఐదేళ్లు ఉంటాయి. ఆయన బండి మోడల్ అడగలేదు, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అడగలేదు. మొదటి ప్రశ్నే, "చప్పుడు ఎలా వస్తోంది బాబూ? నోటితో చేసి చూపించండి."

ఒక ఇంజినీరింగ్ గ్రాడ్యుయేట్‌ని నడిరోడ్డు మీద నిలబెట్టి నోటితో చప్పుడు చెయ్యమంటే ఎలా ఉంటుందో తెలుసా? నేను మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాళ్లలో ఒకణ్ణి. డాంపింగ్ ఫార్ములా ఇప్పటికీ గుర్తుంది. నోటితో చప్పుడు మాత్రం సిలబస్‌లో లేదు. అమ్మమ్మకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టేశాను.

"డొక్కు డొక్కుమంటోందయ్యా. తలుపు మీద వేలు మడిచి కొట్టినట్టు. ఎడమ పక్క, నా భుజం వెనకాల."

"పెద్ద గతుకులకా అమ్మా, చిన్నవాటికా?"

"చిన్నవాటికే. పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద మెత్తగానే పోతుంది. గులకరాళ్ల రోడ్డొస్తే మాత్రం వరసగా కొడుతుంది."

"బ్రేక్ వేసినప్పుడు?"

"అప్పుడేం లేదు."

"మీ పక్కన ఇంకో ఇద్దరు కూర్చుంటే తగ్గుతుందా?"

"సంక్రాంతికి పిల్లలంతా ఎక్కారుగా. అప్పుడూ ఇంతే."

ఆయన ఫోన్ నాకిచ్చి, "సగం పని మీ అమ్మమ్మగారే చేసేశారు" అన్నారు. మా టీమ్‌లో ఇంత మంచి బగ్ రిపోర్ట్ నేనెప్పుడూ చూళ్లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తే వస్తుంది, ఏం చేసినా మారట్లేదు.. అన్నీ ఉన్నాయి.

బండి ఖాళీ అయ్యేదాకా టీ తాగుతూ ఆయన చెప్పిన మాటలు ఇక్కడ రాయకుండా ఉండలేను. ఎందుకంటే 'నాయిస్' అనే ఒక్క ఇంగ్లిష్ మాట కింద సర్వీస్ సెంటర్ పాతేసినవన్నీ ఆయన దగ్గర వేర్వేరు పేర్లతో ఉన్నాయి. 'డొక్' అంటే రెండు గట్టి వస్తువుల మధ్య ఉండకూడని సందు ఉంది, ఏదో కదిలి వెళ్లి కొట్టుకుంటోంది అని. 'కిర్రు' అంటే ఎండిపోయిన రబ్బరు ఒరుసుకుంటోంది. అనుమానం ఉన్న బుష్ మీద నీళ్లు చల్లి బండి ఊపితే, కాసేపు కిర్రు ఆగితే దొంగ అదే. మళ్లీ ఆరగానే మొదలవుతుంది. గ్రీజో ఆయిలో రాసేసి అయిపోయిందనుకుంటే కుదరదు, ఆయిల్ తగిలి మామూలు రబ్బరు ఉబ్బి ఇంకా త్వరగా పాడవుతుంది. 'గలగల' అయితే ముందు సైలెన్సర్ చుట్టూ ఉండే పల్చటి రేకుని అనుమానించాలి. ఇంజిన్ చల్లారాక పిడికిలితో తడితే చాలు, అదే గలగలమని ఒప్పేసుకుంటుంది. నిండా జనం ఎక్కినప్పుడు, పెద్ద గుంటలో మాత్రమే 'ధబ్' మంటే సస్పెన్షన్ చివరిదాకా నొక్కుకుపోయి అడ్డు రబ్బరుకి తగులుతోందని.

ఇక 'గుయ్‌య్' అనే మూలుగు సంగతి వేరు. అది గతుకులతో సంబంధం లేకుండా స్పీడుతో పాటు పెరుగుతుంది. చాలామంది దాన్ని కూడా సస్పెన్షన్ అనుకుంటారు. అది చక్రం బేరింగ్ అయినా కావచ్చు, వంకరగా అరిగిన టైర్ అయినా కావచ్చు. రెంటికీ తేడా ఎలా? రోడ్డు మారినప్పుడు, అంటే తారు రోడ్డు నుంచి సిమెంట్ రోడ్డు మీదికి ఎక్కినప్పుడు గొంతు మారితే టైర్. పొడవాటి మలుపులో బరువు ఒక పక్కకి ఒరిగినప్పుడు పెరగడమో తగ్గడమో జరిగితే బేరింగ్. బేరింగ్ అని తేలితే వాయిదా వెయ్యకండి. చప్పుళ్లన్నిటిలో నిజంగా భయపడాల్సిన వాటిలో అదొకటి.

ఈలోగా చిన్నా అని పిలిచే కుర్రాడు డిక్కీ మొత్తం ఖాళీ చేసేశాడు. స్టెప్నీ, జాకీ, స్పానర్, వెనక షెల్ఫు బల్ల, నా పాత క్రికెట్ బ్యాట్, అమ్మమ్మ ఉయ్యూరు నుంచి పంపిన పచ్చడి జాడీ ఖాళీది.. అన్నీ బయట గోనెపట్టా మీద పెట్టాడు. సంతలో అంగడిలా ఉంది. "ముందు ఇంట్లో సామాను, తర్వాత ఇల్లు" అన్నారు మేస్త్రి.

ఆ తర్వాత టెస్ట్ డ్రైవ్. స్టీరింగ్ నాకిచ్చి ఆయన వెనక ఎడమ సీట్లో, అమ్మమ్మ చోట్లో కూర్చున్నారు. అరచెయ్యి చక్రం పైన ఉండే ఉబ్బు మీద పెట్టారు. కారు లోపల చెవిని నమ్మకూడదట. ఖాళీ డబ్బాలో రాయి వేసి ఊపితే చప్పుడు డబ్బా అంతటా వస్తుంది, కారు కూడా ఇనప డబ్బానే. చేతికి తగిలే అదురు మాత్రం అబద్ధం చెప్పదు.

టెస్ట్ ట్రాక్‌కి ఆటోనగర్ని మించింది లేదండీ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కల్లో గుండ్రటి స్పీడ్ బ్రేకర్ అంటే 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. 25 కిలోమీటర్ల స్పీడులో హాయిగా దాటేలా ఉండాలి. ఆటోనగర్ సందుల్లో ఆ ఒక్క సైజు తప్ప మిగతా అన్ని సైజులూ దొరుకుతాయి. విరిగిన సిమెంటు అంచులు, లారీ టైర్లు తవ్విన గాడులు, ఎవరో పడేసి మర్చిపోయిన నట్లు. రెండు నిమిషాల్లో 'డొక్' వచ్చేసింది. కానీ ఇంతకుముందు దానితో పాటు వినిపించే ఒక చిన్న 'టకటక' మాయమైంది. అది జాకీ. రబ్బరు పట్టీ తెగి, తన గూట్లో తాను ఊగుతోంది. అంటే మన బండిలో చప్పుళ్లు రెండు! ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. ఇలాంటి జంట బగ్స్‌తో రాత్రిళ్లు గడిపినవాళ్లకి నేను చెప్పేది అర్థమవుతుంది. ఒకదాన్ని తీసేయకుండా రెండోదాన్ని పట్టుకోలేం.

తర్వాత అదే సందులో, అదే స్పీడులో, బ్రేక్ మీద కాలు కొద్దిగా ఆనించి పొమ్మన్నారు. చిన్న కార్లలో వెనక చక్రాలకి ఎక్కువగా డ్రమ్ బ్రేకులే. లోపల బ్రేక్ షూలు వదులై కదులుతుంటే, బ్రేక్ తాకగానే అవి డ్రమ్‌కి అతుక్కుని చప్పుడు ఆగిపోతుంది. మాకు ఆగలేదు. బ్రేకులు నిర్దోషి. పక్క షెడ్డులోంచి ఇద్దరు కుర్రాళ్లని ఎక్కించుకుని మళ్లీ తిరిగాం. అమ్మమ్మ చెప్పినట్టే ఏ మార్పూ లేదు.

ఇక్కడ కాస్త లోపలి సంగతి చెప్పాలి. అంబాసిడర్ కారుకి వెనక లారీలాగే కమాన్లు ఉండేవి. ఇప్పటి చిన్న కార్లలో ఎక్కువగా ఉండేది టోర్షన్ బీమ్. 1974లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ నాటి నుంచి బాగా వాడుకలోకి వచ్చింది. రెండు వెనక చక్రాలనీ కలుపుతూ అడ్డంగా ఒక ఉక్కు దూలం. అది ముందు వైపు రెండు పెద్ద రబ్బరు బుష్‌ల ద్వారా బాడీకి పట్టుకుని ఉంటుంది. చక్రానికో స్ప్రింగు, చక్రానికో షాకబ్జార్బరు. బరువు మోసేది స్ప్రింగు. షాకబ్జార్బరు చేసే పని ఒక్కటే, స్ప్రింగు ఎగిరెగిరి పడకుండా ఊపుని చంపడం. చాలా కార్లలో ఈ రెండూ వెనకాల విడివిడిగా ఉంటాయి. కాబట్టి మనుషులు ఎక్కినా దిగినా చప్పుడు మారకపోతే, బరువు మోసే స్ప్రింగు మీద అనుమానం తగ్గుతుంది. బ్రేక్ వేసినప్పుడు, రివర్స్‌లో కదిలినప్పుడు డొక్కుమనకపోతే, దూలం బుష్‌ల మీద కూడా తగ్గుతుంది. ఎందుకంటే అలాంటప్పుడే దూలం ముందుకీ వెనక్కీ లాగబడేది.

షెడ్డుకి వచ్చాక డిక్కీ అంచు పట్టుకుని బలంగా కిందికి నొక్కి వదిలారు. బండి పైకి లేచి, ఒక్కసారి కుదురుకుని ఆగిపోయింది. ఉయ్యాలలా ఊగుతూ ఉంటే షాకబ్జార్బరు చచ్చినట్టు. లిఫ్టు ఎక్కించి చూస్తే దాని మీద ఆయిల్ కారిన జాడ కూడా లేదు. గడ్డపారలాంటి పొడవాటి ఇనప కడ్డీతో దూలం బుష్‌లని ఎగదోసి చూశారు. పైన సన్నటి పగుళ్లు ఉన్నాయి గానీ సందు లేదు. స్ప్రింగు కింది చుట్టు దగ్గర టార్చి వేసి, వేలితో తడిమి మరీ చూశారు. విరిగితే ఎక్కువగా అక్కడే విరుగుతుందట, మట్టి పేరుకుని పైకి కనిపించదు.

అంటే 21,400లో ఉన్న రెండు పెద్ద ఐటమ్స్ అప్పటికి బాగానే ఉన్నాయన్నమాట.

మిగిలింది ఒక్క చోటు. డిక్కీ లోపల పక్క లైనింగ్‌లో చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. దాని కింద షాకబ్జార్బర్ కడ్డీ పైకొన, దాన్ని బాడీకి పట్టుకునే రబ్బర్లు, ఒక నట్టు. బండిని మళ్లీ నేల మీదకి దింపి, చిన్నాని వెనక బంపర్ దగ్గర నిలబెట్టి ఊపమన్నారు. పెద్దగా కాదు, చిన్నగా, గబగబా. ఆయన వేలు కడ్డీ కొన మీద పెట్టి, రెండు సెకన్లు కళ్లు మూసుకుని, "రండి బాబూ, మీరు పట్టుకోండి" అన్నారు.

తగిలింది. గోరంత కదలిక. 'టిక్' మని వేలి కొనకి కొడుతోంది. కుడి పక్క మూత తీసి అక్కడా వేలు పెట్టించారు. అక్కడ కదలిక ఉందిగానీ మెత్తగా ఉంది, దెబ్బ లేదు.

నట్టు విప్పితే ఎడమ పక్క రబ్బరు నలిగి, ఒక వైపు చీలిపోయి, ఎండిన నిమ్మతొక్కలా ఉంది. మరి పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద ఎందుకు రాలేదు? నెమ్మదిగా ఎక్కుతాం కాబట్టి బలం నింపాదిగా, చాలాసేపు ఒకే వైపు ఉంటుంది. రబ్బరు నొక్కుకుని అలాగే ఉండిపోతుంది. గులకరాళ్ల మీద సెకనుకి ఎన్నోసార్లు బలం పైకీ కిందికీ మారుతుంది. మారిన ప్రతిసారీ కడ్డీ ఆ గోరంత సందుని దాటి అవతలి వాషర్‌ని కొడుతుంది. డొక్. కాలేజీలో గీసిన గ్రాఫులన్నీ ఆ చీలిన రబ్బరులో కనిపించాయి.

అయినా ఆయన వెంటనే కొత్త రబ్బరు తెప్పించలేదు! పాత ట్యూబు ముక్కని గుండ్రంగా కోసి, మధ్యలో బెజ్జం పెట్టి, తాత్కాలికంగా దూర్చి బిగించి, అదే సందులో ఇంకో రౌండు తిప్పారు. డొక్ లేదు. అప్పుడు చెప్పారు చిన్నాకి, "పోయి రెండు పక్కలవీ పట్రా." ఈ ఒక్క మెట్టు నాకు తెగ నచ్చింది. దొంగ వీడే అనిపించడం వేరు, వీణ్ణి పక్కన పెడితే దొంగతనం ఆగిందని చూడటం వేరు.

స్పేర్ పార్టుల కొట్టు అదే వీధి చివర. పది నిమిషాల్లో వచ్చేశాయి. కుడి పక్కది ఇంకా బతికే ఉన్నా, వయసు ఒకటే కాబట్టి రెండూ మార్చారు. షాకబ్జార్బర్లు మార్చాల్సి వచ్చినా అంతే, ఒక పక్క ఒకటే మారిస్తే రెండు చక్రాలూ రెండు రకాలుగా ఊగుతాయి. జాకీకి కొత్త పట్టీ కట్టారు.

బిగించేటప్పుడు ఒక చిన్న గొడవ జరిగింది. షాకబ్జార్బర్ కింది బోల్టుని బండి లిఫ్టు మీద ఉండగానే చిన్నా పూర్తిగా బిగించబోయాడు. మేస్త్రి కేకేశారు. "గాల్లో వేలాడే చక్రానికి ఆఖరి బిగింపేంట్రా!" సంగతేంటంటే, ఆ బోల్టు చుట్టూ ఉన్న రబ్బరు బుష్ బిగించిన చోట అతుక్కుపోయినట్టు ఉంటుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, బండి కిందికి దిగాక ఆ రబ్బరు రోజంతా మెలితిరిగే ఉంటుంది. త్వరగా చిరుగుతుంది. అందుకే ముందు వదులుగా పెట్టి, బరువు చక్రాల మీద పడ్డాక చివరి బిగింపు. కొత్త బుష్‌లు వేయించిన కొన్ని నెలలకే మళ్లీ చప్పుడు మొదలైందని వినే కథల్లో కొన్నిటికి మూలం ఇదేనని ఆయన అభిప్రాయం. మీ బండికి ఈ పని చేయిస్తుంటే ఈ ఒక్కటీ పక్కనే నిలబడి చూసుకోండి. చూడటమంటే నిలబడే. ఉత్త జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి మాత్రం ఎవరూ, ఒక్క నిమిషానికి కూడా దూరకూడదు.

రబ్బర్లు 640, లేబర్ 500. నేను మళ్లీ అడిగాను, "హైదరాబాద్ దాకా పెద్దావిడని తీసుకెళ్లొచ్చా బాబాయ్?" ఆయన తేలిగ్గా తీసుకోలేదు. నాలుగు చక్రాల నట్లూ మళ్లీ చూసి, ఒక్కో వెనక చక్రాన్నీ పైకెత్తి రెండు చేతులతో అటూ ఇటూ ఊపి, తిప్పి విని, అప్పుడు "నిశ్చింతగా వెళ్లండి" అన్నారు. దూలం బుష్‌ల పగుళ్లు ఏడాదికోసారి చూపించమన్నారు. ఎప్పుడైనా బండి వెనక భాగం ఒక పక్కకి కుంగినట్టు కనిపించినా, మలుపుల్లో తోక ఊపినట్టు అనిపించినా, టైరు దేనికైనా రాసుకుంటున్న వాసన వచ్చినా ఇక నడపొద్దని, టోయింగ్ బండి పిలిపించమని గట్టిగా చెప్పారు.

బయల్దేరబోతుంటే ఎదురుగా ఒక ఎలక్ట్రిక్ కారు చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. "మీకు పని తగ్గిపోతుందేమో" అన్నాను. ఆయన నవ్వారు. "ఇంజిన్ మోత లేదుగా బాబూ. ఇప్పుడు ప్రతి చిన్న కిర్రూ వినపడుతుంది. ఇదిగో, ఆయన వచ్చింది అందుకే."

ఆ సాయంత్రమే ఉయ్యూరు వెళ్లి అమ్మమ్మని ఎక్కించుకున్నాను. కంకిపాడు దాకా ఏమీ మాట్లాడలేదు. వెనక అద్దంలో చూస్తే తల కొంచెం పక్కకి వంచి వింటోంది. పెనమలూరు దగ్గర మలుపు తిరుగుతుంటే నోరు విప్పింది.

"వెనకది పోయిందిరా. ఇప్పుడు ముందు నుంచి కిర్రు అంటోంది. కుడి పక్క. నువ్వు చక్రం తిప్పినప్పుడే."

ఫోన్‌లో నోట్ చేసుకున్నాను.